ప్రణాళిక నుంచి శోధనానుకూల వ్యాసానికి: బెళుగుప్ప కరువు ఆధారంగా విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ముందుగా వేసుకున్న ప్రణాళికను, అంతర్జాలంలో వెతికేవారికి సులువుగా దొరికే వ్యాసంగా విస్తరించడం నేటి తెలుగు పరిశోధకుడికి అవసరమైన నైపుణ్యం. వార్తా, వాణిజ్య రచనల్లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని సాహిత్య పరిశోధన యథాతథంగా స్వీకరిస్తే కలిగే లాభనష్టాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అనంతపురం జిల్లా బెళుగుప్ప ప్రాంతపు కరువునూ, ఆ జిల్లా కరువు సాహిత్యాన్నీ, అక్కడి పలుకుబడినీ ఉదాహరణగా స్వీకరిస్తుంది. వ్యాసం దొరకడానికి కావలసిన మాటలు శీర్షికలోనూ సంగ్రహంలోనూ ఉండాలనీ, ప్రణాళిక మాత్రం పాఠ్యం నుంచే పుట్టాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వ్యాసప్రణాళిక, శోధనానుకూల రచన, కరువు సాహిత్యం, అనంతపురం, బెళుగుప్ప, మాండలికం, తెలుగు యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

అనంతపురం జిల్లా ఉరవకొండ నియోజకవర్గంలోని మండలకేంద్రాలలో బెళుగుప్ప ఒకటి. ఈ మెట్టప్రాంతాన్ని గురించి అంతర్జాలంలో వెతికేవారికి ఊరి పేరు దగ్గరే ఒక చిక్కు ఎదురవుతుంది. కొందరు బెళుగుప్ప అని రాస్తారు, కొందరు బెలుగుప్ప అని రాస్తారు. చదివేవారికి ఇది ఒకే ఊరు. యూనికోడ్‌లో ‘ల’, ‘ళ’లు వేర్వేరు సంకేతాలు. కనుక అక్షరాన్ని అక్షరంతో పోల్చి చూసే యంత్రానికి ఇవి రెండు ఊళ్ళు. ఒక రూపంతో వెతికినవారికి రెండవ రూపంలో ఉన్న సమాచారం అందకపోవచ్చు.

ఈ చిన్న చిక్కు వెనుక పెద్ద ప్రశ్న ఉంది. పరిశోధన వ్యాసాలు అచ్చుపత్రికల నుంచి అంతర్జాల పత్రికలకు తరలివచ్చిన తరువాత, వ్యాసం బాగుందా అన్న ప్రశ్నకు ముందు వ్యాసం దొరుకుతుందా అన్న ప్రశ్న వచ్చి నిలిచింది. దీనికి సమాధానంగా వాణిజ్య రచనారంగం ఒక పద్ధతిని తయారుచేసుకుంది. జనం ఏ మాటలతో వెతుకుతున్నారో తెలుసుకోవడం, ఆ మాటలతో ప్రణాళిక వేయడం, ఒక్కొక్క మాటను ఒక్కొక్క ఉపశీర్షికగా మార్చడం, ప్రతి ఉపశీర్షిక కింద రెండు మూడు పేరాలు నింపడం ఇందులోని దశలు. దీనినే ఈ వ్యాసంలో శోధనానుకూల రచన అని వ్యవహరించడం జరిగింది.

ఈ పద్ధతిని పూర్తిగా తోసిపుచ్చడం సాధ్యం కాదు. యథాతథంగా స్వీకరించడం క్షేమమూ కాదు. దొరకడానికి ఒదగవలసిన చోటు ఏది, ఒదగకూడని చోటు ఏది అని విడదీసి చూడవలసి ఉంది. ఆ విభజనకు బెళుగుప్ప కరువు మంచి పరీక్షాస్థలం. కరువును గురించి అందరికీ తెలిసిన మాటలు చాలా ఉన్నాయి. ఆ నేలకు మాత్రమే తెలిసిన మాటలూ అంతకు తక్కువగా లేవు.

2. యంత్రం చూసే మాట, తెలుగు వాక్యంలోని మాట

సెర్చ్ ఇంజన్ పనితీరుకు మూలం పుస్తకాల చివర కనిపించే పదసూచి వంటిదే. ఏ మాట ఏయే పుటల్లో ఉందో యంత్రం ముందుగానే పట్టిక రాసి ఉంచుకుంటుంది. ఎవరైనా ఒక మాట అడిగినప్పుడు ఆ పట్టికను చూసి, దొరికిన పుటలను ప్రాధాన్య క్రమంలో పేరుస్తుంది. 1998లో స్థాపితమైన గూగుల్ ఆ ప్రాధాన్యాన్ని నిర్ణయించడానికి ఒక పుటకు ఇతర పుటల నుంచి ఉన్న లంకెలను లెక్కలోకి తీసుకుంది. ఆ తరువాత ఎన్నో అంశాలు చేరినా, మాటకూ పుటకూ మధ్య పట్టిక అనే పునాది మారలేదు.

తెలుగు మాట ఈ పట్టికలో అంత తేలికగా ఇమడదు. విభక్తి ప్రత్యయం నామంతో కలిసిపోతుంది. బెళుగుప్ప, బెళుగుప్పలో, బెళుగుప్పకు, బెళుగుప్పవాసులు అన్నవి పట్టికలో నాలుగు మాటలు. కొన్నిచోట్ల ప్రాతిపదికే మారుతుంది. బాలవ్యాకరణం ఔపవిభక్తికాలుగా గుర్తించిన మాటలు ఇందుకు ఉదాహరణలు. ఏరు అన్న మాట ఏటి అవుతుంది, ఇల్లు ఇంటి అవుతుంది. అనంతపురం కరువు సాహిత్యంలో తలమానికమైన విద్వాన్ విశ్వం కావ్యం ‘పెన్నేటి పాట’ పేరులోనే ఈ మార్పు ఉంది. పెన్నేరు అని వెతికేవారి మాటకూ పెన్నేటి అన్న మాటకూ అక్షరసామ్యం పాక్షికమే. పెన్నా అనీ పినాకిని అనీ వెతికేవారికి ఆ మాత్రమూ లేదు.

దీనికి తోడు లిపికి సంబంధించిన సమస్యలు ఉన్నాయి. తెలుగు లిపి 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే చోటు సంపాదించినా, తెలుగు ముద్రణరంగం చాలాకాలం యూనికోడేతర ఖతులతోనే నడిచింది. ఆ ఖతులతో కూర్చిన పుట కంటికి తెలుగుగా కనిపిస్తుంది, యంత్రానికి అర్థంలేని రోమన్ అక్షరాల వరుసగా అందుతుంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తున్న శోధగంగలో ఉన్న తెలుగు సిద్ధాంతగ్రంథాలలో పుటల ఛాయాచిత్రాలుగా చేరినవి ఉన్నాయి. గ్రంథం పేరూ పరిశోధకుడి పేరూ దొరుకుతాయి. గ్రంథం లోపలి మాట దొరకదు. ఏళ్ళ తరబడి శ్రమించి రాసిన ప్రకరణం ఒక బొమ్మగా మిగిలిపోతుంది.

సాంకేతికత ఇక్కడే ఆగలేదన్నది నిజం. వాక్యంలోని సందర్భాన్ని బట్టి మాట అర్థాన్ని గ్రహించే బెర్ట్ అనే నమూనాను గూగుల్ 2019లో తన శోధనలో ప్రవేశపెట్టి, అదే ఏడాది చివరికి తెలుగు సహా 70కి పైగా భాషలకు విస్తరించింది. విభక్తిభేదాలనూ వర్ణక్రమభేదాలనూ కొంతవరకు దాటగల శక్తి దానికి ఉంది. అయితే అటువంటి నమూనా తాను చదివిన పాఠ్యం నుంచే నేర్చుకుంటుంది. అంతర్జాలంలో రాతరూపంలో విరివిగా ఉన్న తెలుగు దానికి అర్థమైనంతగా, అరుదుగా ఉన్న తెలుగు అర్థం కాదు. పత్రికల తెలుగు మొదటి కోవకు చెందుతుంది. బెళుగుప్ప రైతు తెలుగు రెండవ కోవకు చెందుతుంది.

3. కరువుకు ఉన్న పేర్లు

కరువు అన్న మాటనే పరిశీలిస్తే సమస్య తీవ్రత తెలుస్తుంది. వాడుకలో కరువు అనీ, కొన్ని పత్రికల్లో కరవు అనీ, శకటరేఫతో ప్రాచీన గ్రంథాల్లో కఱవు అనీ దీనికి మూడు రూపాలు. పాండిత్య సంప్రదాయంలో క్షామం, దుర్భిక్షం, అనావృష్టి అన్న మాటలు ఉన్నాయి. జనం జ్ఞాపకంలో కరువుకు సంవత్సరం పేరు అంటుకొని ఉంటుంది. 1876-78 నాటి మహాక్షామం ధాత కరువుగా మిగిలింది. అంకెలతో వెతికినవారికి ధాత అన్న మాట దొరకదు. తాత ముత్తాతల నోట ధాత కరువు అని విన్నవారికి అంకెలు తెలియవు.

పంట పేర్లలోనూ ఇదే స్థితి. ప్రభుత్వ పత్రాల్లోని వేరుశనగ మరికొన్ని చోట్ల వేరుసెనగ అవుతుంది. రాయలసీమ నోట అది సెనక్కాయ, బుడ్డలు. తెలంగాణలో పల్లీలు. అనంతపురం రైతు చీనీ అని పిలిచే పండును కోస్తాలో బత్తాయి అంటారు. బోర్లు ఎండిపోయి చీనీతోట నరికేసుకున్న రైతు కథను బత్తాయి అన్న మాటతో వెతికేవారు చేరుకోలేరు. ఒకే వస్తువుకు ప్రాంతాన్ని బట్టి మారే పేర్లను శాస్త్రీయంగా సేకరించిన తొలి ప్రయత్నం 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం. శోధనానుకూల రచనకు కీలకపదాల పట్టిక ఎంత అవసరమో, తెలుగులో అటువంటి పట్టికకు ఆ కోశం అంత అవసరం. అంతర్జాలం రావడానికి దశాబ్దాల ముందే తెలుగు భాషాశాస్త్రం ఈ పనికి పూనుకున్నదన్న సంగతిని నేటి పరిశోధకులు తగినంతగా ఉపయోగించుకోవడం లేదు.

కరువు అన్న మాట లేకుండానే కరువును చెప్పే పలుకుబళ్ళది మరొక కోవ. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెతలో కరువు లేదు, వలస లేదు, వాన లేదు. సెప్టెంబరు నడిమి భాగంలో వచ్చే ఉత్తర కార్తె వరకు ఎదురుచూసి, అప్పటికీ వాన రాకపోతే ఊరు విడవమని చెప్పే అనుభవం మాత్రం అందులో సంపూర్ణంగా ఉంది. కన్నడ సరిహద్దు గ్రామాలలో సుగ్గికి పోవడం అనే మాట కూడా ఇటువంటిదే. కన్నడంలో పంటకోతల కాలాన్ని సూచించే సుగ్గి, పంట లేని ఊళ్ళ వారి నోట పొరుగూరి కోతలకు వలసపోవడం అనే అర్థాన్ని పొందింది. ఒకరి సుగ్గి మరొకరి కరువు. ఈ అర్థపరిణామాన్ని వివరించే వ్యాసం కరువు సాహిత్య విమర్శకు విలువైన చేర్పు అవుతుంది. కానీ జనం వెతికే మాటలతో మాత్రమే ప్రణాళిక వేసుకున్న పరిశోధకుడి పట్టికలో సుగ్గి అన్న మాటకు చోటు ఉండదు. దానిని వెతికేవారు ఎవరూ లేరని పట్టిక చెబుతుంది.

4. రెండు ప్రణాళికలు

‘బెళుగుప్ప ప్రాంత కరువు - సాహిత్యం’ అన్న అంశంపై ఒక పరిశోధకుడు వ్యాసం తలపెట్టాడని భావిస్తే, అతని ముందు రెండు దారులు ఉంటాయి.

మొదటిది వెతుకులాట నుంచి పుట్టే ప్రణాళిక. అనంతపురం కరువు అని టైపు చేయడం ప్రారంభించగానే యంత్రం అందించే సూచనలూ, మొదటి పుటలో కనిపించే వ్యాసాల ఉపశీర్షికలూ దీనికి ఆధారం. కరువు నిర్వచనం, అనంతపురం వర్షపాతం, కరువుకు కారణాలు, రైతుల ఆత్మహత్యలు, వలసలు, ప్రభుత్వ పథకాలు, కరువుపై వచ్చిన రచనలు, ముగింపు అన్న వరుసలో అది సిద్ధమవుతుంది. ఇందులో సాహిత్యం ఏడవ ఉపశీర్షిక. అప్పటికే పూర్తయిన వాదానికి సాక్ష్యంగా మాత్రమే అది అక్కడికి వస్తుంది. రచయితల పేర్లు, పుస్తకాల పేర్లు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క వాక్యం, అంతటితో సరి. ఈ ప్రణాళికలో బెళుగుప్ప స్థానంలో మరే కరువు మండలం పేరు పెట్టినా వ్యాసం మారదు.

రెండవది పాఠ్యం నుంచి పుట్టే ప్రణాళిక. సింగమనేని నారాయణ కథాసంపుటి ‘జూదం’ శీర్షికను తీసుకుంటే, ఆ ఒక్క మాటే ప్రశ్నలను లేవనెత్తుతుంది. మెట్టసేద్యం సాగే నేల నుంచి వచ్చిన కథలకు జూదం పేరు ఎందుకు పెట్టవలసి వచ్చింది? జూదంలో పందెం ఏది, పందెం కాసేది ఎవరు, ఓడినవాడు మళ్ళీ ఆటకు ఎందుకు కూర్చుంటాడు? ‘పెన్నేటి పాట’లో రంగడు, గంగమ్మల జీవితాన్ని పెన్నేటి సీమ గతవైభవం పక్కన నిలిపి చూపడంలో విశ్వం ఉద్దేశం ఏమిటి? కలిగిన బతుకు చెడి కూలిబతుకుగా మారడాన్ని కరువు అనే ఒక్క కారణంతో వివరించవచ్చునా? బండి నారాయణస్వామి తన నవలకు ‘గద్దలాడతండాయి’ అని పేరు పెట్టినప్పుడు, ఆడుతున్నాయి అన్న ప్రమాణరూపాన్ని వదలి ఆడతండాయి అన్న సీమరూపాన్ని ఎంచుకోవడం ద్వారా ఏమి సాధించారు? ఈ ప్రశ్నలే ఉపశీర్షికలైతే వచ్చే వ్యాసం వేరు.

మొదటి ప్రణాళిక, జనం అడిగిన ప్రశ్నకు సమాధానం చెబుతుంది. రెండవ ప్రణాళిక, ఇంకా ఎవరూ అడగని ప్రశ్నను ముందుకు తెస్తుంది. వార్తారచనకు మొదటి పని చాలు. పరిశోధనకు రెండవ పనే ప్రాణం. కొత్త అంశాన్ని ప్రతిపాదించడం పరిశోధన లక్షణం అయినప్పుడు, ఆ అంశానికి వెతికే జనం ముందుగానే ఉండాలని కోరడం పరస్పర విరుద్ధమవుతుంది.

మారుతున్న నేల కూడా మొదటి ప్రణాళికకు అందదు. హంద్రీనీవా సుజల స్రవంతి పథకంలో భాగమైన జీడిపల్లి జలాశయం బెళుగుప్ప మండలంలోనే ఉంది. కృష్ణాజలాలు చేరిన జలాశయమూ, వానను నమ్ముకున్న మెట్టచేలూ ఒకే మండలంలో పక్కపక్కన ఉండడం నేటి వాస్తవం. నీళ్ళు కనిపిస్తూ అందకపోవడం అన్నది నీళ్ళు లేకపోవడం కంటే భిన్నమైన అనుభవం. దాని గురించి రాయబోయే కథకూ దానిని గుర్తించబోయే విమర్శకూ పాత కీలకపదాలు సరిపోవు.

5. ఒక వాక్యం విస్తరించిన తీరు

శోధనానుకూల రచన వల్ల జరిగే నష్టం కేవలం శైలికి పరిమితం కాదు. అది సత్యానికీ తగులుతుంది. అనంతపురం గురించిన రచనల్లో పదేపదే కనిపించే ఒక వాక్యం ఇందుకు నిదర్శనం. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత దేశంలో అత్యల్ప వర్షపాతం కలిగిన జిల్లా అనంతపురం అన్నది ఆ వాక్యం. పత్రికా కథనాల్లో, ఉపన్యాసాల్లో, సిద్ధాంతగ్రంథాల ఉపోద్ఘాతాల్లో ఇది దాదాపు మంగళాచరణగా స్థిరపడింది.

అంకెలు దీనిని సమర్థించవు. అనంతపురం సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లోనే బార్మేర్, బికనేర్ జిల్లాల్లో అది 300 మిల్లీమీటర్లకు లోపు. లద్దాఖ్‌లోని లేహ్‌లో సుమారు 100 మిల్లీమీటర్లు. గుజరాత్‌లోని కచ్ఛ్ కూడా అనంతపురం కంటే పొడి నేల. దక్షిణ భారతంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో అనంతపురం ఒకటి అన్నంతవరకే ఆ వాక్యంలో నిలిచే సత్యం.

సెర్చ్ ఇంజన్లకు ముందే ఈ వాక్యం పుట్టి ఉండవచ్చు. దానికి చిరాయువు ప్రసాదించగలిగేది మాత్రం వెతుకులాట నుంచి ప్రణాళిక వేసే పద్ధతి. మొదటి పుటలో కనిపించిన వ్యాసాల నుంచి ఉపశీర్షికలు తీసుకున్నవారు, ఆ ఉపశీర్షికల కింది వాక్యాలనూ తీసుకుంటారు. కొత్త వ్యాసం మొదటి పుటకు చేరితే, తరువాతివారికి అదే ఆధారం. ప్రణాళికను ఇస్తే క్షణాల్లో వ్యాసం రాసిపెట్టే కృత్రిమమేధ పరికరాలు వచ్చిన తరువాత ఈ చక్రం మరింత వేగంగా తిరుగుతుంది. ఎక్కువచోట్ల ఉన్న వాక్యమే వాటికి ఎక్కువగా అలవాటైన వాక్యం. పది చోట్ల కనిపించడం పది సాక్ష్యాలకు సమానం కాదన్న వివేకం పరిశోధకుడి దగ్గర ఉండవలసిందే.

ఈ వాక్యం చేసే హాని అంకెల దగ్గర ఆగదు. కరువు అంటే తక్కువ వాన అన్న భావనను అది స్థిరపరుస్తుంది. అనంతపురం కరువు స్వరూపం వేరు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండడం వల్ల నైరుతి ఋతుపవనాలు ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడతాయి. బంగాళాఖాతానికి దూరం కావడం వల్ల ఈశాన్య ఋతుపవనాల లాభమూ కొద్దిగానే దక్కుతుంది. ఏడాది మొత్తం వాన లెక్కకు సరిపోయినా, పదునుకు పడవలసిన వాన పడకపోతే విత్తనం వేయలేరు. విత్తనం వేసిన తరువాత, వేరుశనగకు ఊడలు దిగే దశలో వాన మొగం చాటేస్తే కాయ పట్టదు. కోతల వేళ అక్కరకు రాని వాన కురిస్తే కట్టె కూడా కుళ్ళిపోతుంది. ఇక్కడి రైతును పీడించేది కొరత ఒక్కటే కాదు, వానకు వేళ లేకపోవడం కూడా.

ఈ దృష్టితో చూస్తే ‘జూదం’ అన్న శీర్షిక విలువ తెలుస్తుంది. కొరత మాత్రమే ఉన్నచోట జూదం ఉండదు. ఖాయంగా ఓడిపోయే ఆటకు ఎవరూ కూర్చోరు. గెలవవచ్చునన్న ఆశ, ఓడవచ్చునన్న భయం రెండూ ఉన్నచోటనే పందెం ఉంటుంది. ఉత్తర కార్తె దాకా గంప ఎత్తకుండా ఆగమన్న సామెతలో ఉన్నది కూడా ఆ ఊగిసలాటే. వాతావరణశాస్త్రం వర్షపాత వితరణ అనే మాటతో చెప్పే విషయాన్ని ఒక కథాశీర్షిక, ఒక సామెత ముందే పట్టుకున్నాయి. అత్యల్ప వర్షపాతం అన్న కీలకపదం చుట్టూ అల్లిన ప్రణాళిక ఈ అంశాన్ని చూడనివ్వదు. పాఠ్యం నుంచి మొదలైన ప్రణాళిక దీనిని మొదటి ఉపశీర్షికలోనే చేరుకుంటుంది. ఇది అభిరుచికి సంబంధించిన తేడా కాదు. అనంతపురం కరువును సరిగా అర్థం చేసుకోవడానికీ తప్పుగా అర్థం చేసుకోవడానికీ మధ్య తేడా.

6. సంప్రదాయంలో గుర్తింపు సాధనాలు

వ్యాసం దొరకడం కోసం ఏర్పాట్లు చేయడం సాహిత్య గౌరవానికి తగదన్న అభిప్రాయం కొందరు పండితులలో ఉంది. ఈ అభిప్రాయానికి సంప్రదాయంలో బలం లేదు. శాస్త్రగ్రంథాలు ఆరంభంలోనే విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అన్న అనుబంధ చతుష్టయాన్ని చెప్పుకున్నాయి. గ్రంథం దేనిని గురించి, ఎందుకు, గ్రంథానికీ విషయానికీ ఉన్న సంబంధం ఏమిటి, ఎవరు చదవాలి అన్నవే అవి. ఒక పుటకు విషయం ఏమిటి, వెతికేవారి అవసరం ఏమిటి, పాఠకులు ఎవరు అని నేటి శోధనానుకూల రచన వేసుకునే ప్రశ్నలు వీటికి దూరమైనవి కావు.

తెలుగు కావ్యాలలో ఆశ్వాసాంత గద్య చేసిన పనీ ఇటువంటిదే. కవి పేరు, తండ్రి పేరు, కృతి పేరు, ఆశ్వాస సంఖ్య ప్రతి ఆశ్వాసం చివరా తిరిగి వస్తాయి. తాళపత్రాల కట్ట విడిపోయి ఒక్క ఆశ్వాసమే మిగిలినా, అది ఎవరిదో ఏ కృతిలోనిదో తెలిసేటందుకు ఈ ఏర్పాటు ఉపకరించింది. నన్నయ భారతావతరణంలో పర్వానుక్రమణికను ముందుగా నిలపడం ద్వారా పాఠకుడికి సమగ్ర ప్రణాళికను చేతికిచ్చాడు. అయితే గద్యలోని సమాచారం కథాకథనాన్ని శాసించలేదు. అనుక్రమణిక రసాన్ని నిర్ణయించలేదు. గుర్తింపు సాధనం గుర్తింపు చోటనే ఉండి, కావ్యం కావ్యంగా నడిచింది. నేటి పరిశోధన వ్యాసం నేర్చుకోవలసిన పరిమితి ఇదే.

కీలకపదాన్ని పదేపదే చొప్పించడం విషయంలోనూ అలంకారశాస్త్రం తీర్పు స్పష్టం. ప్రయోజనం లేని పునరుక్తి దోషం. యంత్రాలు సైతం క్రమంగా ఇదే నిర్ణయానికి వచ్చాయి. పుట లోపల దాచి ఉంచే కీలకపదాల పట్టికను ర్యాంకింగ్‌కు పరిగణించడం లేదని గూగుల్ 2009లో ప్రకటించింది. 2011లో పాండా పేరుతో తెచ్చిన మార్పు, పస లేని పుటలను గుట్టలుగా తయారుచేసే వెబ్‌సైట్లను వెనక్కు నెట్టింది. వెతుకులాటలో ముందు నిలవడం కోసమే పెద్దయెత్తున రాసి పడేసే పాఠ్యంపై 2024 మార్చిలో నిబంధనలను కఠినం చేసింది. కనుక కరువు అన్న మాటను ప్రతి పేరాలో మూడుసార్లు రాయాలని నమ్మే పరిశోధకుడు ఔచిత్యాన్నీ కోల్పోతాడు, ఆశించిన ఫలాన్నీ పొందడు.

7. ఆచరణకు కొన్ని సూచనలు

పై పరిశీలన ఆధారంగా ప్రణాళికను వ్యాసంగా మలిచే క్రమంలో కొన్ని ఆచరణీయాంశాలను గుర్తించవచ్చు.

మొదటిది, క్రమానికి సంబంధించినది. ముందు పాఠ్యం చదవాలి, తరువాత ప్రశ్న రూపొందించుకోవాలి, ఆ ప్రశ్న నుంచి ప్రణాళిక వేసుకోవాలి. జనం ఏ మాటలతో వెతుకుతున్నారో చూడడం వ్యాసం పూర్తయిన తరువాతి పని. వెతుకులాటను ముందు పెట్టినప్పుడు ప్రణాళిక అందరిదీ అవుతుంది, వ్యాసం ఎవరిదీ కాకుండా పోతుంది.

రెండవది, శీర్షిక. కవితాత్మకమైన శీర్షికలపై తెలుగు పరిశోధకులకు మక్కువ ఎక్కువ. ఎండిన కలలు, పగిలిన నేల వంటి శీర్షికల కింద ఏ రచయిత ఉన్నాడో, ఏ ప్రాంతం ఉందో ఎవరూ ఊహించలేరు. సృజనకారుడికి ధ్వని శోభ. పరిశోధకుడి శీర్షికకు వాచ్యతే మర్యాద. ‘సింగమనేని నారాయణ జూదం కథలు: అనంతపురం కరువులో అనిశ్చితి’ అన్న శీర్షికలో రచయిత, కృతి, ప్రాంతం, ప్రతిపాదన నాలుగూ ఉన్నాయి. వెతికేవారికి దారీ ఉంది, చదివేవారికి కొత్త విషయమూ ఉంది.

మూడవది, సంగ్రహంలోనూ కీలకపదాల్లోనూ పర్యాయరూపాలకు చోటివ్వడం. వ్యాసమంతటా ఒకే వర్ణక్రమాన్ని పాటిస్తూ, సంగ్రహంలో ఒక్కసారి కరువు, కరవు, క్షామం అన్న రూపాలను సహజమైన వాక్యంలో కూర్చవచ్చు. బెళుగుప్పకు ఉన్న రెండవ రూపాన్నీ, వేరుశనగకు ఉన్న ప్రాంతీయ నామాలనూ అదే విధంగా ఒకచోట చెప్పవచ్చు.

నాలుగవది, మాండలిక పదాన్ని తొలగించకుండా పక్కనే ప్రమాణపదాన్ని నిలపడం. సుగ్గి అన్న మాటను వలసగా మార్చి రాస్తే వ్యాసం తేలికగా దొరుకుతుంది గానీ, దొరికిన వ్యాసంలో సుగ్గి ఉండదు. సుగ్గికి పోవడం అనే వలస అని రాస్తే వలస అని వెతికినవారు సుగ్గిని తెలుసుకుంటారు. వ్యాసం కారణంగా ఆ మాట అంతర్జాలంలోని రాత తెలుగులో భాగమవుతుంది. ఇంతవరకు యంత్రానికి తెలియని మాటను దానికి నేర్పే అవకాశం పరిశోధకుడి చేతిలోనే ఉంది.

ఐదవది, ఆధారాల పరీక్ష. ఉపశీర్షిక కింద చేరే ప్రతి సాధారణ వాక్యాన్నీ, ముఖ్యంగా అతిశయవాచకంతో ఉన్న వాక్యాన్నీ మూలం వరకు వెంబడించాలి. మొదటి పుటలో కనిపించడం ప్రాచుర్యానికి గుర్తు, ప్రామాణ్యానికి కాదు.

ఆరవది, పాఠ్యరూపం. వ్యాసం యూనికోడ్‌లో ఉండాలి. పాత ఖతులలో ఉన్న వ్యాసాలనూ, ఛాయాచిత్రాలుగా ఉన్న సిద్ధాంతగ్రంథాల సారాంశాలనైనా యూనికోడ్‌లోకి మార్చి అందుబాటులో ఉంచడం విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు చేపట్టదగిన పని. కొత్త వ్యాసాన్ని శోధనకు అనుకూలంగా మార్చడం కంటే, ఉన్న పరిశోధనను శోధనకు అందేలా చేయడం పెద్ద ప్రయోజనం.

8. ముగింపు

బెళుగుప్ప వంటి మండలకేంద్రంలో చదువుకుంటున్న విద్యార్థికి విశ్వవిద్యాలయ గ్రంథాలయం దూరం, చేతిలోని ఫోను దగ్గర. తన ఊరి కరువు గురించి అతడు వెతికినప్పుడు ఏమి దొరకాలన్నది తెలుగు పరిశోధకులు ఆలోచించవలసిన విషయం. జైసల్మేర్ వాక్యంతో మొదలై పథకాల జాబితాతో ముగిసే వ్యాసం దొరికితే, అతడికి తెలిసిన కరువు అందులో కనిపించదు. మంచి విశ్లేషణ ఎక్కడో ఉండి దొరకకపోతే, అతడి వరకు అది లేనట్లే. మొదటి దోషం ప్రణాళికను వెతుకులాటకు అప్పగించడం వల్ల కలుగుతుంది. రెండవ దోషం వెతుకులాటను పూర్తిగా విస్మరించడం వల్ల కలుగుతుంది.

కాబట్టి శోధనానుకూలత వ్యాసానికి వాకిలిగా ఉండాలి. శీర్షిక, సంగ్రహం, కీలకపదాలు, యూనికోడ్ పాఠ్యం ఆ వాకిలిని తీర్చిదిద్దుతాయి. వాకిలి ఎక్కడుందో తెలియని ఇంటికి ఎవరూ రారు. అయితే ఇంటి గదులు ఎలా ఉండాలో దారినపోయేవారిని అడిగి కట్టుకోవడం కుదరదు. అనంతపురం రచయితలు కరువును కొరతగానే కాక జూదంగా, వాడిన వైభవంగా, ఎదురుచూపుగా రాశారు. వారి పాఠ్యం నుంచి ప్రణాళిక పుట్టినప్పుడే ఆ వైవిధ్యం వ్యాసంలోకి వస్తుంది. ఆ వ్యాసం వెతికినవారికి దొరికినప్పుడు, వారు వెతకడం ఎరుగని మాటలు కూడా కొన్ని వారికి దొరుకుతాయి.